సొన

మూడు రోజులకు ముగ్గురం వచ్చాం.
పెద్ద చదువు అందరికీ సమంగా అందుతోందో లేదో
చూసి చెప్పే నిపుణులమట.
గేటుకు కట్టిన బ్యానర్ మీద
నా పేరు ముందు డాక్టర్ ఉంది,
పేరులో ఒక ఒత్తు లేదు.
మా రుసుముకు లెక్క ఉండాలని
హాజరు మిషన్లో మా వేళ్లు కూడా ఎక్కించారు.

చిత్తూరులో జూలై.
ఊరంతా ఉడికిన మామిడి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల వరుస
మా కారును గంటసేపు ఆపేసింది.
డ్రైవర్ విసుక్కున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి
ర్యాంపు వాలు ఎంత ఉండాలో మరోసారి చూసుకున్నాను.

మొదటి రోజు కొలిచాం.
ర్యాంపు ఉంది, దాని మీద పూలకుండీలున్నాయి.
చూపులేని పిల్లల కోసం కంప్యూటర్ గది ఉంది,
తాళం చెవి రిటైరైన ఆయనతో పాటు పీలేరులో ఉంది.
ఇవి మేము ఎరిగిన రోగాలే.
రాసుకున్నాం, టీ తాగాం.

రెండో రోజు పట్టీలు తెరిచాం.
రెండో సంవత్సరం సైన్సులో పంతొమ్మిదిమందికి
హాజరు చాలక స్కాలర్‌షిప్ ఆగింది.
కారణం గడిలో అందరికీ ఒకటే మాట: వ్యక్తిగతం.
పంతొమ్మిదిమందికి ఒకే వ్యక్తిగతం ఎట్లా వచ్చిందంటే
ప్రిన్సిపాల్ గారు కిటికీలోకి చూశారు.
"ఆసక్తి తక్కువండీ. ఇంట్లో చదువుకున్నోళ్లు లేరు కదా."

ఫైళ్లు మోసుకుపోతున్న అటెండర్ దొరసామి
గుమ్మంలో ఆగాడు.
"వాళ్లు యాడికీ పోలేదు మేడమ్.
దినామూ వస్తానే ఉండారు.
మిసనే వాళ్లను గుర్తుపట్టేల్యా."

వరండాలోకి తీసుకుపోయి చూపించాడు.
తవణంపల్లె నుంచి వచ్చే మునిచంద్రిక
బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం.
చున్నీతో తుడిచి పెట్టింది. ఎర్రదీపం.
నోటి దగ్గర పెట్టుకొని ఊది, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు
మెల్లగా ఆనించింది.
మిషన్లో ఒక ఆడగొంతు మర్యాదగా అంది:
దయచేసి మళ్లీ ప్రయత్నించండి.

రాత్రంతా ఫ్యాక్టరీలో తొడిమలు గిల్లే వేలది.
గిల్లిన ప్రతిచోటా చిమ్మిన సొన
చర్మాన్ని కాల్చి, పొరలు లేపి,
గీతలన్నీ తుడిచేసింది.
"మెస్సు బాకీకి మేడమ్. ఆగస్టులో కాయ అయిపోతాది,
వేలు అదే బాగవుతాది," అని నవ్వింది.
బాగవుతుంది. కొత్త తోలు వస్తుంది, కొత్త గీతలు వస్తాయి.
జూలైలో జరిగిన కెమిస్ట్రీ రాదు.

పక్కనే నిలబడి నేనూ వేలు పెట్టాను.
ఒక్కసారికే పచ్చదీపం.
ఇరవై ఏళ్లుగా కీబోర్డు తప్ప
దేన్నీ గిల్లని వేలు.

సాయంత్రం దొరసామి సంచిలోంచి
ఒక రూళ్ల నోటుబుక్కు తీశాడు.
తేదీ, పేరు, వచ్చిన టైము,
ఎదురుగా ప్రతి వరసలోనూ: మిసను పట్టలేదు.
రెండు సీజన్లవి. ఒక్క దినం కూడా వదల్లేదు.
"ఎవురూ అడగలేదు మేడమ్, అందుకే ఇయ్యలేదు."

మూడో రోజు మాలో మాకే పేచీ.
అటెండర్ రాత ఆధారమెట్లా అవుతుందని ఒకాయన.
ఎనభై నాలుగు పేజీల నివేదికలో
చివరికి ఆ వేలికి అరపేజీ దక్కింది.
ర్యాంపుకు ఆరు, ఫోటోలతో సహా.
ప్రిన్సిపాల్ గారు పరిశీలిస్తామన్నారు.

రుసుము కాగితంలో నిపుణుడి పేరు అన్నచోట
దొరసామి అని రాసి పంపాను.
పాన్ కార్డు జత చేయలేదని
అకౌంట్స్ వాళ్లు తిప్పి పంపారు.

నిన్న అతనే ఫోన్ చేశాడు.
వెనకాల ఎక్కడో ఆ ఆడగొంతు
ఇంకా ఎవరినో మర్యాదగా వెనక్కి పంపుతోంది.
"బుక్కు నిండిపోయింది మేడమ్.
ఇంగోటి కొనేదా, వద్దా?"